సారవ్వ వెతికిన ముఖం

మా ఆడబిడ్డ జమున కూతురు సహస్ర నస్పూర్ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటూ బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంటోంది. ఆ పిల్ల ఫోన్‌లో ఒకటి ఉంది. ముఖానికి ఎదురుగా పెడితే చాలు, దానంతట అదే సన్నటి తెల్ల గీతలు గీస్తుంది. నుదుటి నుంచి కనుబొమ్మల దాకా, అక్కడి నుంచి ముక్కు కింది దాకా, ముక్కు నుంచి గదుమ దాకా. కళ్ల మధ్య ఎడం, పెదవుల వెడల్పు, అన్నీ కొలిచి చివరికి నూటికి ఇన్ని అని ఒక అంకె చూపిస్తుంది. దాన్ని బంగారు కొలత అంటారట. ముఖం పొడుగూ వెడల్పూ ఒక లెక్క ప్రకారం ఉంటేనే అందమట. వాళ్ల పార్లర్ మేడం పెళ్లికూతుళ్లకు ముందు ఈ కొలత తీసి, ఎక్కడ రంగు తగ్గించాలో ఎక్కడ పెంచాలో చూసుకుంటుందట.

ఆ ఫోన్ వల్లనే మా అత్త సారవ్వ తన కొడుకు మళ్లీ దొరికాడని నమ్మింది. ఆమె కొడుకు అంటే నా భర్త రఘుపతి. ఆయన పోయి అప్పటికి పది నెలలు.

అత్త పుట్టిల్లు కమాన్‌పూర్ దగ్గర. వాళ్ల నాన్న దున్నిన చేను ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్టు బొగ్గుగని గుంతలో కలిసిపోయింది. చిన్న వయసులోనే పెళ్లై గోదావరిఖని వచ్చింది. మామ రాయమల్లు తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బాయిలో బొగ్గు నింపేవాడు. మేమిక్కడ గనిని బాయి అనే అంటాం. ఆ రోజుల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు ఒళ్లు కడుక్కోకుండానే ఇళ్లకు వచ్చేవారట. కాపురానికి వచ్చిన వారంలోనే అత్త వాకిట్లో వేణ్నీళ్లు పెట్టి, తువ్వాల పట్టుకుని నిలబడింది. నల్లగా ఒక మనిషి ఇంటి ముందుకు రాగానే "రా, నీళ్లు తోడిన" అని చెయ్యి పట్టి లోపలికి లాగింది. అతను మామ కాదు. పక్కింటి సదయ్య. వెనకాలే వస్తున్న మామ నడిరోడ్డు మీద పొట్ట పట్టుకుని నవ్వాడట.

ఇప్పుడు సదయ్య కాక కర్ర పట్టుకుని నడుస్తాడు. అయినా ఆ మాట వదలడు.

"ఏం వదినా, నీళ్లు కాగినయా? ముందుగాల నన్నే గద పిలిచినవ్."

"నీ మొకం మండ! బొగ్గు వూసుకుంటె దొరలు గూడ నీ తీర్గనే ఉంటరు పో."

అత్త అట్లా నవ్వుతూ తిట్టగలిగిన మనిషి. చదువు లేదు. నోట్ల మీది రంగును బట్టి డబ్బులు గుర్తు పట్టేది. కానీ ఒక్క అంకె మాత్రం ఆమెకు చూపుతోనే తెలిసేది. అది మామ లాంపు నంబరు. బాయిలోకి దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే దీపం ఇస్తారు. ఎవరి దీపానికి వాళ్ల నంబరు. ఆ నంబరు ఇంకొకరికి ఉండదు. షిఫ్టు అయిపోయాక దీపం తన కొక్కేనికి వచ్చి చేరితే మనిషి పైకి వచ్చినట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే ఇంకా లోపలే ఉన్నట్టు. బాయిలో ఏదైనా అయిందని తెలిసిన రోజు ఆడవాళ్లంతా లాంపు రూము కాడికి ఉరికేవారట. పేరు అడిగేవాళ్లు కాదు, నంబరే అడిగేవాళ్లు. అత్త కూడా రెండుసార్లు అట్లా ఉరికింది. రెండుసార్లూ మామ దీపం కొక్కేనికే ఉంది.

మామ ఆరోగ్యం చెడితే ఆ ఉద్యోగం మా ఆయనకు వచ్చింది. మామ ముందే పోయాడు, మంచం మీద, దగ్గి దగ్గి. ఆ తర్వాత రేకుల ఇంట్లో మేం ముగ్గురం మిగిలాం. మాకు పిల్లలు కాలేదు. మంచిర్యాల దవాఖానలు, కరీంనగర్ దవాఖానలు అన్నీ తిరిగాం. ఎవరెవరో ఏమేమో అన్నారు. అత్త మాత్రం ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. నేను ఏడుస్తుంటే బియ్యం చేట నా ముందుకు తోసి "రాళ్లేరు" అనేది. అంతే.

మా ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకుని మళ్లీ లేవలేదు. అన్నానికి లేపుదామని నేనే పోయాను. గుండె ఆగిపోయిందన్నారు. వాడకట్టంతా ఏడ్చింది. అత్త ఏడవలేదు. కొడుకు తల దగ్గర కూర్చుని ఈగలు తోలింది. బండబారిపోయిందని అనుకున్నారు అందరూ.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, నేను మూలకు ముడుచుకుని పడుకుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వకు బిడ్డా. వాడు ఎటు పోతడు? తొమ్మిది నెలలు ఎవలదో కడుపుల ఉంటడు. మల్లొస్తడు."

మాలో ఆ నమ్మకం ఉంది. పోయినవాళ్లు అదే ఇంట్లో మళ్లీ పుడతారు. జమున పుట్టినప్పుడు మామ వాళ్ల అమ్మే వచ్చిందన్నారు. పుట్టుమచ్చ చూసో, ఏడుపు విని సోది చెప్పే ఆమె చెబితేనో గుర్తు పడతారు. నాకు ఆ మాట విని కొంచెం ఓదార్పు కలిగింది. అంతలోనే అత్త తనలో తాను అనుకున్నట్టు అంది.

"మనింట్లనైతె కడుపు లేదాయె. ఎవలింటికి పోతడో, ఎట్ల తెల్వాలె."

దెప్పుదామని అన్న మాట కాదు. అయినా అది ఇప్పటికీ నాలో దిగబడే ఉంది.

తొమ్మిది నెలలు నిండగానే అత్త కాలనీలో పుట్టిన ప్రతి పిల్లవాణ్ణీ చూడటానికి పోవడం మొదలుపెట్టింది. కొత్త సబ్బో, గౌనో తీసుకుని పోయేది. చెవులు చూసేది, వేళ్లు చూసేది, వచ్చి పడుకునేది. అట్లా ఉండగా ఒక ఆదివారం సహస్ర మా ముఖాలు కొలిచింది. నాకు డెబ్బై నాలుగు వచ్చింది. అత్తకు అరవై ఒకటి.

"గంతేనానే? నీ ఫోన్‌కు కండ్లు కనబడుతలెవ్వు" అంది అత్త.

"ముడుతలకు తగ్గింది అమ్మమ్మా. లేకుంటె నువ్వే హీరోయిన్."

"మీ తాత గిది చూసి చేస్కున్నడా నన్ను? సీకట్ల చూసి చేస్కున్నడు." నవ్వి, గోడ వైపు చూసింది. "గా మీ రఘు మామ ఫోటో పెట్టు, చూద్దాం."

సహస్ర గోడ మీది ఫోటోకు ఎదురుగా ఫోన్ పట్టింది. ఆయన ముఖం మీద తెల్ల గీతలు పరుచుకున్నాయి. నేను చూడలేక పక్కకు తిరిగాను. డెబ్బై ఎనిమిది.

"మల్ల పెట్టు."

మళ్లీ డెబ్బై ఎనిమిది. ఇంకోసారి పెట్టించింది. అదే.

"ఎన్నిసార్లు పెట్టినా గదే" అంది అత్త, గొంతు తగ్గించి. "ఎవని నంబరు వానిదేనన్న మాట."

ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తట్టలేదు. మర్నాడు సహస్రను వెంటబెట్టుకుని బాలింతల ఇళ్లకు బయలుదేరినప్పుడు తెలిసింది. ఆమె బతికిన లోకంలో ఒక నంబరు అంటే ఒక మనిషి. కొక్కేనికి దీపం వచ్చి చేరిందా లేదా అని చూసినట్టే ఆమె ప్రతి పసివాడి ముఖం మీదా ఆ డెబ్బై ఎనిమిది కోసం చూసింది.

క్లర్కు వేణుమాధవ్ సారు మనుమడికి తొంబై రెండు వచ్చిందని ఆ ఇంటివాళ్లు మిఠాయి పంచారు. అత్త ఇంటికి వచ్చి మూతి విరిచింది.

"వాడు మనోడు కాదే. మనోడు గంత అందగాడెక్కడిది?"

పది నెలల్లో నేను నవ్వడం అదే మొదటిసారి.

మా ఇంటికి ఎదురు వరసలో కంపెనీ క్వార్టర్‌లో సుసన్నా వాళ్లు ఉంటారు. మూడు తరాలుగా బాయి పని చేసిన క్రైస్తవుల కుటుంబం. నల్లా కాడ బిందెల కోసం కొట్లాడుకున్ననాటి నుంచి అత్తకు ఆమె స్నేహం. సుసన్నా కొడుకు స్తెఫను, కోడలు లిల్లీ. వాళ్లకు శ్రావణమాసంలో కొడుకు పుట్టాడు. తాత పేరే పెట్టారు, జాన్ ప్రసాద్. చర్చి ఇంటివాళ్లు కదా అని అత్త ఆ గడపకు చివరన పోయింది. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను.

"సుసన్నా, నీ మనుమన్ని జర ఫోన్ల చూడనియ్యవే."

"గిప్పుడే పెండ్లిచూపులా సారక్కా? పాలన్న మాన్పియ్యనీ."

అందరం నవ్వాం. లిల్లీ పిల్లవాణ్ణి ఒళ్లో తిప్పి పట్టుకుంది. సహస్ర ఫోన్ పెట్టింది. గీతలు వచ్చాయి, అంకె వచ్చింది. సహస్ర నా వైపు చూసింది. ఏమీ చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. ఆ డెబ్బై ఎనిమిదిలోని రెండు అంకెల ఆకారం అప్పటికే అత్త కంటికి పట్టేసింది.

ఉన్నచోటనే కూలబడింది. చేతులు చాచింది. లిల్లీ నవ్వుతూనే పిల్లవాణ్ణి అందించింది. అత్త వాడి మాడు వాసన చూసి "వచ్చినవా" అంది.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎదురింటికి పోయేది. నూనె రుద్దేది, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది. మొదట్లో సుసన్నా సంబరపడింది.

"నీ కొడుకు మా ఇంట్ల పుట్టిండంటవ్. అయితె ఆదివారం ఆదివారం చర్చికి రావాలె మరి."

"వస్త. ఎటు రమ్మంటె గటు వస్త" అంది అత్త. అందులో వేళాకోళం లేదు.

ఇంటికి వచ్చి నాతో "దండ తియ్యి రమా. బతికినోని ఫోటోకు దండేంది?" అంది. నేను కదలలేదు. తనే పీట వేసుకుని ఎక్కి తీసేసింది.

నేను కూడా ఒకరోజు ఒంటరిగా పోయాను. లిల్లీ బట్టలు ఆరేస్తోంది. పిల్లవాడు చాప మీద పడుకుని ఉన్నాడు. ఎవరూ చూడటం లేదు కదా అని వంగి చాలాసేపు చూశాను. మా ఆయన ఎంత రుద్దుకున్నా మెడ వెనక బొగ్గు వాసన పోయేది కాదు. వీడి దగ్గర పాల వాసన, పౌడరు వాసన. నా వేలు పెడితే పట్టుకున్నాడు. ఏ పసివాడైనా పట్టుకుంటాడు. ఇంకా ఏదో అవుతుందేమోనని ఆగాను. ఆవలించి కళ్లు మూసుకున్నాడు. నేను లేచి వచ్చేశాను.

కొన్నాళ్లకు లిల్లీ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, ఏమనుకోకు. అవ్వ మా బాబును రఘు అని పిలుస్తంది. నిన్న మొలకు నల్లతాడు గట్టింది. మా ఆయన చూసి తెంపి పారేసిండు."

"నేను చెప్తా లిల్లీ."

"అవ్వంటె నాకు పానం. కని సచ్చిపోయినోని పేరుతోటి పిలుస్తుంటె నాకు భయమైతంది. రాత్రి వాడు కొంచెం సేపు కదలకపోతె లేచి ముక్కు కాడ చెయ్యి వెట్టి చూస్తున్న."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ భయం నాకు తెలుసు. కదలని మనిషి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసినదాన్ని నేను.

ఎట్లా చెప్పాలా అని నేను తటపటాయిస్తుండగానే పెత్రామాస దగ్గర పడింది. బతుకమ్మ మొదలయ్యే రోజు అది. ఆ పొద్దున మేము పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఇంట్లో వాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతాం. మా ఆయనకు అదే మొదటి పెత్రామాస. పిల్లలు లేరు, ఆయన పేరు చెప్పుకునే వాళ్లు లేరు. భార్యగా ఆయనకు నేను చెయ్యగలిగింది ఆ గుప్పెడు బియ్యం ఒక్కటే మిగిలింది. ముందుగానే సన్నబియ్యం తెప్పించి పెట్టుకున్నాను. అత్త ఆ సంచి చూసింది.

"గివి ఎవలకు?"

"మామకు... ఆయనకు."

"ఎవలకే?"

"నీ కొడుకుకు అత్తమ్మా."

అత్త సంచి మూతి ముడి వేసింది. "పుట్టినోని పేరు మీద పెద్దలకు ఇచ్చినట్టు ఇస్తరా? పిలగానికి కీడు. మీ మామకిచ్చేటియి ఇద్దాం, చాలు."

"అత్తమ్మా, ఆయన..."

"నువ్వు సంపుతవా మల్ల వాణ్ణి?"

ఆ మాట అన్నాక ఆమె కూడా ఉలిక్కిపడింది. అయినా వెనక్కి తీసుకోలేదు. నేను సంచి తీసుకుపోయి వంటింట్లో పెట్టాను. మా ఆయన పోయిననాడు ఉన్నంత ఒంటరితనం మళ్లీ ఆ రోజు అనిపించింది. నా భర్తను ఎదురింటికి ఇచ్చేశారు. నాకు ఏడవడానికి కూడా మనిషి లేకుండా పోయాడు.

సహస్ర పార్లర్ నుంచి వచ్చాక దాన్ని వెనక వాకిట్లోకి తీసుకుపోయి, బీరువాలో ఉన్న ఆయన ఫోటోలన్నీ ముందు పెట్టాను. మా పెళ్లిది, వేములవాడలో దిగింది, ఆధార్‌ది, డ్యూటీ బట్టల మీద స్నేహితులతో దిగింది.

"వీటికి పెట్టు."

పెట్టింది. ఎనభై మూడు. అరవై తొమ్మిది. డెబ్బై ఐదు. స్నేహితులతో నవ్వుతున్న దాంట్లో అరవై ఆరు.

"ఫోటో మారితె అంకె మారుతది అత్తమ్మా" అంది సహస్ర, తల దించుకుని. "వెలుతురుకు మారుతది, మొకం జర తిప్పితె మారుతది. పసిపిల్లలకైతె అసల్ పెట్టొద్దంట, మేడం చెప్పింది. అమ్మమ్మ గంత సంబురపడుతుంటె నాకు నోరు రాలె."

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయ్యి రేకులు గలగలమని సద్దుమణిగాక, అత్త ముందు ఆ ఫోటోలు పరిచాం. సహస్ర ఒక్కొక్కటి కొలిచి చూపించింది. అత్త ప్రతి ఫోటో మీదా వేలు పెట్టింది.

"గీడు వాడే గద?"

"వాడే అమ్మమ్మా."

"గీడు?"

"మామనే."

"గిండ్ల గూడ వాడేనాయె." వేలు అక్కడే ఉంది. "మరి నంబర్లు వేరేందే?"

సహస్ర ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"ఒక్క మనిషికి గిన్ని నంబర్లుంటయా?"

సహస్ర ఏడవడం మొదలుపెట్టింది. అత్త దాని తల మీద చెయ్యి వేసి "నీదేం తప్పు లేదు, ఊకో" అంది. ఫోటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నా చేతికి ఇచ్చి, పోయి గడప మీద కూర్చుంది. సాయంత్రం ఎదురింట్లో పిల్లవాడు ఏడ్చాడు. చాలాసేపే ఏడ్చాడు. అత్త తల ఎత్తి అటు చూసింది. లేవబోయి చేతులు నేలకు ఆనించింది. లేవలేదు.

ఆ తర్వాత ఆమె ఆ ఇంటికి పోలేదు. బియ్యం మాట నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు.

పెత్రామాస పొద్దున తలస్నానాలు చేసి గుడికి పోయాం. మామ పేరు మీద ఇచ్చేవన్నీ నేను ఒక గంపలో పెట్టుకున్నాను. సన్నబియ్యం సంచి ఇంట్లోనే ఉండిపోయింది. గుడి వసారాలో అయ్యగారి ముందు జనం వరస కట్టారు. మా వంతు వచ్చింది. గోత్రం అడిగి, పేర్లు చెప్పమన్నాడు. మామ పేరు చెప్పాను, ఆయన తల్లిదండ్రుల పేర్లు చెప్పాను.

"ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?"

నేను నేల చూశాను. వెనక వాళ్లు జల్ది కానియ్యమంటున్నారు.

"ఉన్నడు" అంది అత్త.

అయ్యగారు ఆమె వైపు చూశాడు.

"రాయమల్లు కొడుకు. రఘుపతి."

కొంగు ముడి విప్పింది. అందులో బియ్యం ఉన్నాయి. మేం లేవకముందే ఎప్పుడో ఆ సంచి విప్పి కట్టుకున్నట్టుంది. రెండు చేతుల్లోకి తీసుకుంది కానీ కింద పొయ్యలేకపోయింది. గింజలు అంచుల నుంచి రాలాయి. నేను ఆమె చేతుల కింద నా చేతులు పెట్టాను. ఇద్దరం కలిసి పోశాం.

తిరిగి వచ్చేటప్పుడు బతుకమ్మకు గునుగు, తంగేడు మోపులు కట్టుకుని ఆడవాళ్లు ఎదురవుతున్నారు. అత్త ముందు నడుస్తోంది. మా ఇళ్ల వరస మొదట్లోకి రాగానే ఆగింది. గోడ పట్టుకుంది. అట్లాగే కిందికి జారి, రోడ్డు మీదే కూర్చుని గొంతెత్తింది. ఇన్ని నెలలుగా రాని ఏడుపు అది. మా ఆడవాళ్లు ఏడిస్తే పోయిన మనిషితో మాట్లాడుతున్నట్టే ఏడుస్తారు.

"ఓ కొడుకా రఘుపతీ... నీ నెత్తిల రొండు సుడులుండె కొడుకా... రొండు పెండ్లిళ్లైతయని నవ్వితిమి కొడుకా... నీ ఎడమ చెవు మడత వడి ఉండె కొడుకా... పాలు దాగేటప్పుడు ఒత్తి ఒత్తి సాపు జేస్తిని కొడుకా..."

ఆ చెవి సంగతి నాకు తెలియదు. ఆయన పక్కన అన్నేళ్లు పడుకున్నాను, ఎప్పుడూ గమనించలేదు.

"నిద్రల నీ కండ్లు సగమే మూస్తుంటివి కొడుకా... గా నాడు గూడ సగమే మూసినవు కొడుకా... పండుకున్నవనుకుంటి... లేస్తవనుకుంటి కొడుకా..."

అది నాకు తెలుసు. అన్నానికి లేపడానికి పోయిననాడు నేనూ అట్లాగే అనుకున్నాను. ఆ సగం కళ్లు చూసి, రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. అప్పటిదాకా ఈ లోకంలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను. నేను ఆమె పక్కన కూర్చుని ఆమె భుజం మీద తల పెట్టాను. ఇద్దరి గొంతులూ కలిసిపోయాయి.

సదయ్య కాక కర్ర ఆనించుకుని దూరంగా నిలబడ్డాడు. సుసన్నా చెంబులో నీళ్లు తెచ్చి, తాగమని అనకుండా పక్కన పెట్టి, తనూ నేల మీద కూర్చుని అత్త పాదాలు ఒళ్లోకి తీసుకుంది. లిల్లీ పిల్లవాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి పోలేదు. పూల మోపుల వాళ్లు పక్కకు జరిగి పోతున్నారు. అత్త ఆయన ముఖాన్ని నుదుటి నుంచి గదుమ దాకా చెప్పుకుంటూనే పోయింది. అది అయ్యేదాకా ఎవరూ ఆమెను లేవమనలేదు.